బియ్యపుగింజంత రంగు

పదింటికి వచ్చాను. పదకొండింటికి నెమోతో అనే ఆ మెకానిక్కు వస్తాడు. ఈలోపు ఈ కారులో ఒక్క తప్పు, ఒక్కటంటే ఒక్కటి, దొరికితే చాలు, సొంతదారు సెత్సుకో గారు బండిని వెనక్కి పంపించేస్తారు. ఆ షరతు పెట్టింది ఆవిడ కాదు, నెమోతోనేనట. "ఓగురి అన్న చూసి సరే అంటేనే తీసుకోండి, కాదంటే నేనే ట్రక్కు తెచ్చి పట్టుకుపోతాను" అన్నాడట. ఎంత పొగరు! పైకి వినయంలా కనిపిస్తుంది, లోపలంతా పొగరే. ఇరవై రెండేళ్లు నా చేతిలో ఉన్న బండి ఇది. దీని ఇంజిను దగ్గితే నాకు జలుబు చేసినట్టుండేది. దాన్ని నా చేతిలోంచి తీసుకుని, పద్నాలుగు నెలలు దగ్గర పెట్టుకుని బాగుచేసి, చివరికి నన్నే పరీక్షకుడిగా కూర్చోబెట్టాడు. సరే, కూర్చుంటాను. టార్చి తెచ్చాను, పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం తెచ్చాను, మోకాళ్ల కింద వేసుకోవడానికి గోనెపట్టా తెచ్చాను. అరవై మూడేళ్ల మోకాళ్లు, ఒక్కసారి వంగితే లేవడానికి సాక్షులు కావాలి. అయినా వంగుతాను.

కారు నిలబెట్టిన చోటు పాత మగ్గాల షెడ్డు. హగివారా వాళ్లు మూడు తరాలు ఇక్కడే పట్టు నేశారు. మగ్గాలు పోయాయి, వాటిని బిగించిన బోల్టుల గుంతలు నేలలో వరసగా మిగిలాయి. పైకప్పు రంపం పళ్లలాగా లేచి లేచి దిగుతుంది, అద్దాలన్నీ ఉత్తరం వైపే. నేతలో రంగు తేడా తెలియాలంటే ఎండ సూటిగా పడకూడదట, అందుకే మా కిర్యూ ఊళ్లో షెడ్లన్నీ ఇలాగే కట్టారు. దారంలో తేడా చూపించే వెలుగు కారు రంగులో తేడా చూపించదా? రారా నెమోతో, ఈ వెలుగు ముందు నీ పప్పులుడకవు. బయట అకాగి కొండ మీంచి వచ్చే పొడిగాలి అద్దాలను గడగడలాడిస్తోంది. ఆ చప్పుడు మధ్యలో ముదురాకుపచ్చ రంగులో ఆ రెండు సీట్ల బండి, పొడుగు ముక్కు, పొట్టి వెనక భాగం, షోవా నలభై ఐదులో, అంటే 1970లో, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా, నన్ను ఎరగనట్టు నిలబడి ఉంది.

బానెట్ ఎత్తాను. మొదట పసుపు గుర్తులు చూడాలి. ఫ్యాక్టరీలో బోల్టు బిగించినవాడు, బిగించానని తెలియడానికి కుంచెతో ఒక పసుపు గీత పెట్టేవాడు. రోజుకి కొన్ని వందల బోల్టులు, వెనకాల బండ్లను లాగే గొలుసు కదిలిపోతూ ఉంటుంది, వాడికి అందం ఎక్కడ పడుతుంది? నేను ఈ గీతలు పెడితే స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. పోటీల్లో నాకు మార్కులు వచ్చిందీ వాటికే. ఇక్కడ చూస్తే ఒకటి లావుగా ఉంది, ఒకటి సగంలో ఆగింది, ఒకటి బోల్టు దాటి పక్క రేకు మీద పడింది. ఇంకా చూస్తే కుంచెలో రంగు అయిపోతూ వస్తున్నట్టు ఎడమ నుంచి కుడికి గీతలు పలచబడ్డాయి, మళ్లీ ముంచినచోట ఒక్కసారిగా చిక్కబడ్డాయి. అంటే నెమోతో గీతలు గీయలేదు. యాభై ఏళ్ల కిందట, మధ్యాహ్నం భోజనం గంట ఎప్పుడు కొడతారా అని చూస్తున్న ఒక మనిషిని లోపల పెట్టుకుని, వాడి చేత గీయించాడు. టార్చి ఆర్పేశాను. కాసేపు ఏమీ చూడాలనిపించలేదు.

మా గురువు తోకితా గారి షాపులో నేనూ నెమోతో ఇద్దరం ఒకే బెంచీ మీద పని నేర్చుకున్నాం. వాడు నాకంటే ఆరు నెలలు వెనక చేరాడు, అందుకే అన్నా అంటాడు, ఈ వయసులో కూడా అన్నా అంటాడు, ఆ పిలుపు వింటే ఒళ్లు మండుతుంది. మధ్యాహ్నం వెడల్పు ఉడాన్ నూడుల్స్ తినేవాళ్లం, నాడా అంత వెడల్పు, జారిపోతూ ఉంటుంది. వాడు చప్పుడు చేసుకుంటూ తినేవాడు, నేను శుభ్రంగా తినేవాణ్ని. తోకితా గారు ఇద్దర్నీ చూసి, "ఓగురీ, నీ చెయ్యి బంగారంరా. వాడి చెయ్యి ఇనుము. కానీ వాడు బండిని అడుగుతాడు, నువ్వు బండికి చెబుతావు" అన్నారు. ఆ మాట పొగడ్తా తిట్టా అని నలభై ఏళ్లుగా ఆలోచిస్తున్నాను. బంగారం అన్నారు కదా అని కొన్నాళ్లు మురిసిపోయాను. తర్వాత ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను కాళ్లు పడుతున్నాను, పదకొండు రోజులు నేనే పట్టాను, ఆయన కళ్లు తెరిచి అడిగింది, "నెమోతో వచ్చాడా?" అని. నేను ఇక్కడే ఉన్నానండీ అన్నాను. "నువ్వున్నావు, తెలుసు. వాడొచ్చాడా?" అన్నారు. ఆ రెండు మాటలు నా గుండెల్లో ముళ్లలా అలాగే ఉన్నాయి. తీసినా రావు. వాడొచ్చాడు, తలుపు దగ్గర నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు ఏడవడం కూడా వాడంత బాగా రాదు.

డాష్‌బోర్డు కింద పడుకుని చూశాను. అక్కడ ఎవరూ చూడరు, అందుకే అక్కడ చూడాలి. రంగు చల్లినప్పుడు లోపలికి ఎగిరిన ఆకుపచ్చ పొగ, ఎంత ఎగరాలో అంతే ఎగిరింది. తివాచీ అంటించిన జిగురు ఒక మూల పొంగి ఎండిపోయింది. గొట్టాలకు వేసిన పట్టీల స్క్రూలు ఒకటి అటు, ఒకటి ఇటు. ఎడమ తలుపు లోపల కాగితం చీటీ కొంచెం వంకరగా అంటించి ఉంది. అబ్బ! ఆ వంకర నాకు గుర్తే. నేను ఒకసారి ఆ చీటీని ఊడదీసి నిటారుగా అంటించాను. పదేళ్ల కిందట. నాకే తోచింది, ఎవరూ అడగలేదు. వీడు దాన్ని మళ్లీ వంకర చేశాడు. మామూలు మనుషులు బండిని కొత్తగా ఉన్నప్పుడు ఎంత బాగుండేదో అంత బాగు చేయించుకుంటారు. వీడు కొత్తగా ఉన్నప్పుడు అది ఎంత లోపంగా ఉండేదో అంత లోపంగా చేశాడు. నాకు అది చేతకాదు. చేతకాదని ఈ పట్టా మీద వెల్లకిలా పడుకుని, నడుం పట్టేసి, ఎవరికీ వినబడకుండా ఒప్పుకుంటున్నాను. లేవగానే మళ్లీ ఒప్పుకోను.

"ఓగురి గారూ, బతికే ఉన్నారా?" అని సెత్సుకో గారి గొంతు. టీ, ముల్లంగి ఊరగాయ పళ్లెంలో పెట్టుకుని వచ్చారు. డెబ్బై తొమ్మిదేళ్లు, వంగిన నడుము, నాలుకకు మాత్రం వంపు లేదు.

"ఉన్నానండీ. కాళ్లు మాత్రమే చచ్చాయి."

"దొరికిందా ఏమైనా?"

"ఇంకా చూస్తున్నాను."

"చూడండి, చూడండి. కోడిగుడ్డు మీద ఈకలు పీకడంలో మీకు సాటి ఎవరూ లేరని మా ఆయన అనేవారు." నవ్వి, దారపు కండెలు పెట్టే పాత చెక్కపెట్టె బోర్లించుకుని దాని మీద కూర్చున్నారు. వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని, నన్ను కాదు, బండి తలుపుని చూస్తూ కూర్చున్నారు.

టీ వేడిగా ఉంది. ఆయన, హగివారా యాసువో గారు, ఇదే మూల టీ తాగేవారు. ఏటా అక్టోబరులో బండి నా షాపుకి తెచ్చేవారు, ఆయిలు మార్చి, కార్బురేటర్లు విప్పి కడిగి, రోజంతా. ఆయన స్టూలు మీద కూర్చుని చూసేవారు, ఒక్క మాట మాట్లాడేవారు కాదు. వెళ్లేటప్పుడు కుడి తలుపు తీసేవారు, తలుపు అంచు పట్టుకుని బొటనవేలితో ఏదో తడిమేవారు, అప్పుడు ఎక్కేవారు. తినే ముందు చెయ్యి కడుక్కున్నట్టు, అలవాటు. ఐదేళ్ల కిందట సెత్సుకో గారు బండి తిప్పుతూ ఆ తలుపుని గేటు రాతిస్తంభానికి గీరేశారు. ఆవిడ ఏడుపు, ఆయన నవ్వు. నేను తలుపు మొత్తం విప్పి, రేకు దాకా దిగి, పుట్టీ, ప్రైమర్, ఏడు పూతల రంగు, నీళ్లు పోసుకుంటూ వాటర్ పేపర్ పట్టి, అంచులు కూడా వదలకుండా, అద్దంలో ముఖం చూసుకునేట్టు చేశాను. నా జీవితంలో అంత మంచి పని మళ్లీ చేయలేదు. ఆయన వచ్చి, తలుపు తీసి, అంచు పట్టుకుని, ఆగారు. చాలాసేపు ఆగారు. "ఎంత శ్రమపడ్డారో. ఇంత బాగా... నాకు మాట రావడం లేదు" అని నడుం దాకా వంగి నమస్కారం చేశారు. ఆ నమస్కారం నేను నెలల తరబడి నెమరేసుకున్నాను. తర్వాత అక్టోబరుకి ఒంట్లో బాగోలేదని రాలేదు. ఆ పైన పోయారు. మూడో సంవత్సరీకం అయ్యాక సెత్సుకో గారు బండిని నెమోతోకి ఇచ్చారన్న కబురు సామాన్లు అమ్మేవాడి నోట విన్నాను. వాడు నా ముఖం చూసి నాలుక్కరుచుకున్నాడు. ఆ పూట తిన్నది ఒంటబట్టలేదు. ఎందుకిచ్చారు? నేనేం తక్కువ చేశాను? ఇరవై రెండేళ్లు! పొరుగింటి పుల్లకూర రుచి అనుకున్నాను. వాడేదో మాటలు చెప్పి మాయచేసి ఉంటాడనుకున్నాను. నూరు రకాలుగా అనుకున్నాను. అనుకున్నవాటిలో ఒక్కదానిలోనూ నా తప్పు లేదు.

పది నలభై. ఇంక కుడి తలుపే మిగిలింది. నా తలుపు. నేను వేసిన రంగంతా వీడు తీసేశాడు, నాకు చూడగానే తెలిసింది. నా ఏడు పూతల లోతు లేదు, ఫ్యాక్టరీ రంగులాగా పైపైన, నారింజ తొక్కలాగా సన్నని గరుకు. సరే, అదీ కరెక్టే. గాలికి అద్దాలు ఒక్కసారి మోగి ఆగాయి. తలుపు తీసి అంచు పట్టుకున్నాను. నా చెయ్యి ఆయన చెయ్యి పట్టుకునేచోటే పడింది, బొటనవేలు దానంతటది గొళ్లెం కిందికి జారింది, మూడు వేళ్ల కింద. అక్కడ నున్నగా ఉంది.

నున్నగా ఉంది! అక్కడ ఒక బొట్టు ఉండాలి. బియ్యపుగింజంత. ఫ్యాక్టరీలో రంగు ఎక్కువై జారి, జారుతూ ఆరిపోయిన బొట్టు. కింది కొస లావుగా, కొంచెం లోపలివైపు ఒరిగి. యాసువో గారి వేలు రోజూ తడిమేది దాన్నే కదా! ఒకసారి చెప్పారు కూడా, "ఇక్కడికి వచ్చేసరికి ఎవరికో ఇల్లు గుర్తొచ్చింది ఓగురి గారూ, చెయ్యి ఒక్క క్షణం ఆగిపోయింది" అని, ఎవరో దగ్గరి చుట్టం గురించి చెబుతున్నట్టు. దొరికావురా నెమోతో! పసుపు గీతలన్నీ గీశావు, జిగురు పొంగించావు, చీటీ వంకర చేశావు, అసలుదాన్ని మరిచిపోయావు. పద్నాలుగు నెలల పని ఒక బియ్యపుగింజ దగ్గర బోల్తా పడింది. టీ కప్పు పక్కన పెట్టేశాను. ట్రక్కు తెచ్చుకో. పట్టుకుపో. తోకితా గారూ వింటున్నారా, వచ్చాడు వచ్చాడు, మీ నెమోతో వచ్చాడు, బొట్టు మరిచిపోయి వచ్చాడు. సెత్సుకో గారి వైపు తిరిగాను, నవ్వు ఆపుకోలేకపోతున్నాను, "అమ్మగారూ, ఇక్కడ అసలైతే ఒక రంగు బొట్టు" అని మొదలుపెట్టాను, ఆవిడ తలెత్తి నా కళ్లలోకి చూశారు.

ఆ చూపులో, ఆవిడకి ఇది ముందే తెలుసని కనబడింది. నీళ్లు పోసుకుంటూ వాటర్ పేపర్. అంచులు కూడా వదలకుండా. ఆ రోజు నా వేళ్ల కింద ఆ బొట్టు తగిలింది, తగలకేం, బాగా తగిలింది. ఆయన చెప్పిన మాట అప్పుడు గుర్తే రాలేదు, ఛీ, ఫ్యాక్టరీవాళ్ల నిర్లక్ష్యం అనుకుని, కాగితం మడిచి, నాలుగు రుద్దులు. నాలుగంటే నాలుగే. అది పోయాక వేలు పెట్టి చూసుకుని, హమ్మయ్య అనుకున్నాను. తర్వాత ఆయన వచ్చి తలుపు తీసి, అంచు పట్టుకుని, ఆగారు.

"ఆయన ఏమీ అనలేదు" అన్నాను.

"ఏమంటారు? మీరు అంత ప్రాణం పెట్టి చేశారు. మీ ముందు అనడానికి మనసొప్పలేదు. ఇంటికొచ్చాక నాతోనూ అనలేదు." సెత్సుకో గారు ఒళ్లోని ఏప్రాన్ మడత సర్దుకున్నారు. "కానీ ఎక్కేటప్పుడల్లా వేలు అక్కడికి వెళ్లేది. ఏమీ తగిలేది కాదు. ఊరికే అలా నిలబడేవారు, మెట్టు ఉందనుకుని కాలు వేసినవాళ్లలాగా. కొన్నాళ్లకి ఎక్కడం మానేశారు."

"చెప్పి ఉంటే నేను..."

"చెప్పి ఉంటే మీరు నిద్రపోయేవారా? ఆయనకి తెలుసు, అందుకే చెప్పలేదు." తర్వాత మెల్లగా, "కోపం లేదండీ. గేటుకి గీసింది నేనేగా. కోపముంటే మిమ్మల్ని పిలుస్తానా?" అన్నారు.

ఏప్రాన్ జేబులోంచి ఒక చిన్న గాజుసీసా తీశారు, మూతకు దారంతో కట్టిన సన్నని కుంచె. సీసాలో ముదురాకుపచ్చ. "నెమోతో గారు ఇచ్చి వెళ్లారు. బొట్టు సంగతి నా దగ్గర విని, ఆయన రేకు ముక్కల మీద నలభై బొట్ల దాకా వేసి తెచ్చి నాకు చూపించారు. ఇదా అంటారు, ఇదా అంటారు. నాకేం తెలుసు? నేనెప్పుడూ ముట్టుకోలేదు, అది మా ఆయనది. చివరికి నెమోతో గారే అన్నారు, దాని రూపం తెలిసిన వేళ్లు రెండే, ఒకటి వెళ్లిపోయింది, రెండోది అన్నది, మిగతాదంతా నేను చేస్తాను, అది అన్న చేతితోనే పడాలి అన్నారు. మీరే కనిపెట్టేదాకా చెప్పొద్దన్నారు."

అంటే వాడికి తెలుసు. మొత్తం తెలుసు. తుడిచింది నేనని తెలిసీ ఒక్కరికీ చెప్పలేదు, మెకానిక్కుల సంఘం మీటింగులో నా పక్కనే కూర్చుని, అన్నా టీ పొయ్యనా అన్నాడు. ఇప్పుడు దీన్ని నాకు వదిలాడు. దేవుడా, ఇందులో కూడా వాడే గెలిచాడు! తిట్టి ఉంటే బాగుండేది. నలుగురిలో పరువు తీసి ఉంటే ఎంత హాయిగా ఉండేది, జీవితాంతం కడుపారా ద్వేషించేవాణ్ని. వాడు నాకు ఆ ఒక్క సుఖం కూడా మిగల్చలేదు. సీసా చేతిలోకి తీసుకున్నాను. ఇంకో ఆలోచన కూడా వచ్చింది, దాచను. తప్పు చోట పెట్టొచ్చు. వేలెడు కిందికి పెడితే ఎవరికి తెలుస్తుంది? నెమోతోకి తెలియదు, ఆవిడకి తెలియదు. నాది కాక తెలిసిన ఆ ఇంకో వేలు కింద మట్టిలో ఉంది. ఆ ఆలోచన నాలో ఎంతసేపుందో నాకు తెలియదు, టీ మీద ఆవిరి ఆగిపోయింది.

"ఆయన నలభై చేశారన్నారే, ఎలా ఉన్నాయవి? నిటారుగా జారాయా?"

"అన్నీ నిటారుగానే."

అదీ! నిటారుగా కాదు, లోపలివైపు ఒరిగి జారాలి. వాడికి అది తెలియలేదు. ఆ ఫ్యాక్టరీలో రంగు గదిలో బండ్లు ముక్కు పైకెత్తుకుని కదిలేవని తోకితా గారు నాకు చెప్పారు, నాకు, ఆ రోజు వాడు ఉడాన్ తేవడానికి వెళ్లాడు. చిన్న సంతోషం, ఆవగింజంత, కానీ నాది. జాకీ తెచ్చి ముందు భాగాన్ని నాలుగు వేళ్ల ఎత్తు లేపాను. తలుపు తెరిచి పెట్టాను. కుంచె ముంచి, సీసా అంచుకి ఒకసారే ఆనించి, గొళ్లెం కింద మూడు వేళ్ల దూరం కొలిచాను. బంగారం చెయ్యి. బొట్టు పెట్టాను. నిలబడింది, ఒళ్లు విరుచుకుంది, బద్ధకంగా జారడం మొదలుపెట్టి, లోపలివైపు ఒరిగి, కొస లావెక్కి ఆగింది. వికారంగా ఉంది. ఒక పక్క చిన్న తోక కూడా వచ్చింది, అది అసలుదానికి ఉందో లేదో నాకు గుర్తు రాలేదు. నా కుడిచెయ్యి దానంతటది వెనక జేబులోకి వెళ్లి మెత్తని గుడ్డ పట్టుకుంది. ఒక్క తుడుపు, మళ్లీ పెట్టుకోవచ్చు, ఇంకా బాగా వస్తుంది. గుడ్డ సగం బయటికి వచ్చింది. సెత్సుకో గారు ఊపిరి బిగబట్టడం వినబడింది. ఏమీ అనరు, ఈ ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. గుడ్డ మళ్లీ జేబులో కుక్కేశాను.

బయట ట్రక్కు ఆగిన చప్పుడు. పదకొండు. ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా రావడం వాడికి అలవాటు, అది కూడా నాకు గిట్టదు. నెమోతో టోపీ తీసి చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు, గాలికి జుట్టంతా రేగిపోయి ఉంది, ముసలాడైపోయాడు. జాకీ మీద ఉన్న బండి ముక్కుని చూశాడు, ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది, నోరు కొంచెం తెరుచుకుంది. తలుపు దగ్గరికి వచ్చి వంగాడు.

"అన్నా," అన్నాడు, "తప్పేమైనా దొరికిందా?"

"దొరికింది. నాదే" అన్నాను. "ఇంకా ఆరలేదు, వేలు పెట్టకు."